పిల్లల పాటయు, వీధిబడి యక్షరమును

తెలుఁగుదేశమునఁ బూర్వకాలపు బాలుఁడు బడికిఁ బోవునాఁటికే రెండు తెఱఁగుల పాటల నడుమ నిలిచియుండెడివాఁడు. ఒకటి వాఁడు విడిచివచ్చిన పెరటిలోని పాట. తల్లియు, నవ్వయు, నక్కలును వానిచేతఁ బలికించినది. రెండవది వాఁడు చేరఁబోవు వీధియరుగుమీఁది పాట. ఓనమాలు, గుణింతము, ఎక్కములు మొదలగువానిని పదిగొంతులు కూడి సాగఁదీసి చదువునది. మొదటిదానికి ఆట యని పేరు, రెండవదానికిఁ జదువని పేరు. ఈ పేరులు పెట్టినవారు పంతుళ్లే కాఁబట్టి, మొదటిదానికిఁ జదువుతో సంబంధము కలదా యను ప్రశ్న చాలకాలము పుట్టనే లేదు. బాలుఁ డక్షర మెఱుఁగుటకు ఈ రెండింటిలో నేది యెట్లు తోడ్పడెనో, పెరటిపాట బడిగడప దాఁటుటకు అన్ని యేఁడులు ఏల పట్టెనో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

బడిపాటకు మొదటి సాక్షి ఓనమాలను మాటయే. అక్షరములు దిద్దించుటకు ముందు శివునకును సిద్ధమునకును నమస్కారము చెప్పించెడి వాక్య మొకటి యుండెడిది. దాని మొదటి యక్షరములు నోట నలిగి, తెలుఁగు బహువచనమును దగిలించుకొని ఓనమాలైనవి. ఉత్తరదేశమున నిట్టి వాక్యమే 'ఓనామాసీధమ్' అను రూపము దాల్చినది. కంటితోఁ జదివి నేర్చినవాఁ డెవ్వఁడును ఇట్టి రూపములను గల్పింపఁజాలఁడు. విని, విన్నదానిని పదుగురితోఁ గలసి పాడి నేర్చినవారి నోటఁ బుట్టిన వికృతులివి. ఇందలి సిద్ధశబ్దమునుబట్టి యీ సంప్రదాయము జైనులదని కొందఱును, బౌద్ధులదని కొందఱును వాదించిరి. కాతంత్ర వ్యాకరణమును సిద్ధశబ్దముతోడనే మొదలగుచున్నది. ఆ వివాదము తేలకున్నను, పద్ధతి మిక్కిలి ప్రాచీనమనుటకు వేఱొక సాక్ష్యము కలదు. క్రీ. శ. 671లో స్వదేశమును విడిచి భారతదేశమునకు వచ్చిన చీనాభిక్షువు ఇత్సింగు, ఇచటి బాలురు ఆఱవయేఁట 'సిద్ధిరస్తు' అను తొలిపాఠమును మొదలిడి ఆఱుమాసములలో ముగింతురని వ్రాసెను. అందు 49 అక్షరములును, వాని కూడికచే నేర్పడినవి పదివేలకుఁ బైఁబడియు నుండు ననియు, మొత్తము మున్నూఱు శ్లోకములకు మించు ననియు నాతఁడు చెప్పెను. శ్లోకమునకు ముప్పదిరెండక్షరముల చొప్పున లెక్కించినచోఁ బదివేల యక్షరములకు 312 శ్లోకము లగును. కావున నిత్సింగు లెక్క సరిపోవుచున్నది. గమనింపవలసిన దేమనఁగా, అర్థములేని యక్షరసంయోగములను సైతము ఆనాఁటివారు శ్లోకములలోనే కొలిచిరి. వానికిఁ బాఠమనఁగా నోటితోఁ జదువఁబడునది.

ఆ సంయోగములకుఁ దెలుఁగు బడిలో సరియైనది గుణింతము. ఒక్కొక్క హల్లునకుఁ దలకట్టు మొదలు విసర్గము వఱకుఁ బదునాఱు రూపములు. హల్లులు ముప్పదియైదని లెక్కించినచో రూపములు 560. ఒత్తులు చేరినచో నెన్ని యగునో చెప్పనక్కఱ లేదు. ఇంతటి బరువును ఆఱేఁడుల పిల్లవాఁడు మోయఁగలుగుట పాటచేతనే సాధ్యమైనది. పదునాఱు రూపములు నాలుగేసి చొప్పున నాలుగు విఱుపులుగా నడచుటకు వీలైనవి. ఒక్క వరుస నోటికి వచ్చినచోఁ దక్కిన వరుసలన్నియు దాని పోలికనే సాగును, మాఱునది హల్లొక్కటియే. గురుతుల పేరులును గమనింపఁదగినవి. గుడి, కొమ్ము, వట్రసుడి, సున్న, వలపలగిలక: ఇవి వ్యాకరణకర్తలు కూర్చిన పరిభాషలు కావు. వ్యాకర్త పూర్ణబిందువనునది బడిపిల్లవానికి సున్న. చెవికిఁ బాటయు, వ్రేలికి వ్రాఁతయు, కంటికి బొమ్మయు నొక్క మాటలోనే యిమిడియుండు నట్టి యీ పేరులను ఎవ్వరో పేరులేని పంతుళ్లు పిల్లలకొఱకే కల్పించియుందురు. సంస్కృతమునఁ దలమునుక లైన దేశమున నివి తెలుఁగు పేరులుగానే నిలిచిపోవుట చిన్న విషయము కాదు.

వీధిబడి యెట్లు నడచుచుండెనో కన్నులఁ గట్టినట్లు తెలుపు వ్రాఁత యొకటి బళ్లారి మండలమునుండి లభించుచున్నది. 1822లోఁ జెన్నపురి గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల స్థితిని విచారించి తెలుపుఁడని మండలాధికారులను గోరెను. దానికి బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన సమాధానము పంపెను. ఈతఁడు తెలుఁగెఱుఁగని దొర కాఁడు. 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును బ్రకటించినవాఁడు. ఆతని లెక్క ప్రకారము మండలమున 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి. కన్నడపు బడులు 235, తెలుఁగు బడులు 226. తక్కినవి మరాటీ, పారసీకము, తమిళము మొదలగువానివి. బాలుఁడు అయిదవయేఁట బడిలోఁ జేరును. విఘ్నేశ్వరపూజ జరుగును. బియ్యములో వ్రేలితో దేవుని పేరు వ్రాయించి యక్షరాభ్యాసము చేయింతురు. ప్రొద్దున ఆఱుగంటలకు బడి. ముందుగా వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూఁడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ. ఈ లెక్కలోఁ బండ్రెండవవాని గతి యేమగునో యూహింపవచ్చును.

అక్షరములను నేర్పుటనుగూర్చి క్యాంబెల్ చెప్పిన మాట కొంత విచారణ కర్హమైనది. ఐరోపావారివలె నక్షరములను ఉచ్చరించి నేర్చుట గాక, ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్తురని యాతని తాత్పర్యము. దీనినిబట్టి వీధిబడిలో నోటికిఁ బని లేకుండెనని తలఁచుట పొరపాటు. ఆంగ్లమున నక్షరమునకు నామము వేఱు, ధ్వని వేఱు. ఆ బాలుఁడు ముందు ఇరువదియాఱు నామములను వల్లించి, తరువాత నవి మాటలలోఁ బలుకు తీరును వేఱుగా నేర్వవలయును. తెలుఁగక్షరమునకు దాని ధ్వనియే నామము. వ్రాయుచుఁ బలికిన పలుకే యక్షరము. కావున నామములను వల్లించు నట్టి పని వేఱుగా నిచట లేదు. వ్రేలును నోరును ఒక్కసారిగాఁ గదలును. క్యాంబెల్ చూచినది ఆ వేఱుపనియొక్క లేమిని. 'దిద్దుట' యను మన మాటలో నీ రెండును గలిసియున్నవి. పెద్దవాఁడు వ్రాసిన యక్షరముమీఁద మరల మరల వ్రేలు త్రిప్పుచు దానిని బలుకుటయే దిద్దుట.

ముందు నేర్చినవాఁడు వెనుకటివానికి నేర్పెడి యీ బడుల పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీని ననుకరించుట తగియున్నదనెను. ఆ యనుకరణకుఁ గారకుఁడు ఆండ్రూ బెల్. ఆతఁడు 1789 మొదలు చెన్నపురి యెగ్మూరులోని సైనికుల యనాథబాలుర శరణాలయమునకు అధికారియై, సమీపమున నొక మలబారు బడిలోఁ బిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని దన శరణాలయమునఁ బ్రవేశపెట్టెను. (మలబారులని యానాఁటి యాంగ్లేయులు తమిళులనే పిలుచుచుండిరి.) 1797లో లండనులోఁ బుస్తకముగాఁ బ్రకటించెను. ఇసుకయు, పెద్దపిల్లలచేఁ జిన్నపిల్లలకు నేర్పించుటయు సముద్రము దాఁటినవి. పాట దాఁటలేదు, దానిని జూచినవారే లేరు.

మెచ్చినచోటనే క్యాంబెల్ నొచ్చుకొనియు నుండెను. బడిలోఁ జదివెడి పద్యగ్రంథముల భాష వాడుకభాషకు మిక్కిలి దూరమనియు, బాలురు లెక్కలేనన్ని పద్యములను చిలుకవలె నప్పగింతురే గాని యర్థ మెఱుఁగరనియు నాతని యాక్షేపణ. పండితులు కొందఱు దీనికిఁ బ్రత్యుత్తరముగా, బాల్యమున నోటికి వచ్చిన పద్యము వయసు వచ్చిన పిమ్మట నర్థ మిచ్చునని చెప్పుదురు. అది యసత్యము కాదు. కాని బడిలో నాలుగైదేఁడులు చదివి మానివేసి కులవృత్తిలోఁ బ్రవేశించు బాలునకు ఆ పిమ్మటి కాలము రాదు. క్యాంబెల్ మాట వానియెడ సరియైనదే.

ఆ నివేదికలోనే మఱియొక యంకె కలదు. 6,641 మందిలో బాలికలు అఱువదిమంది. పెరటిపాట బడిలోనికి రాకపోవుటకుఁ గారణము వెదకువా రీ యంకెను విడువరాదు. పిల్లలపాట యెవరి సొత్తో, వారు బడిలో లేరు. తల్లులును, అవ్వలును, తమ్ములను చంకనెత్తుకొని యాడించెడి యక్కలును దానిని గాపాడినవారు. పంతులు బాల్యమున నా పాటలు విననివాఁడు కాఁడు; కాని యవి యాఁడువారి పాటలని యెఱుఁగును. సుమతిశతకము చదువు, చెమ్మచెక్క ఆట. ఇది వానికి సందేహములేని విభాగము.

ఇంతకు నా పెరటిపాటలో నేమి కలదు? లాలిపాట, చందమామను పిలిచి బువ్వ తినిపించెడి పాట, అఱచేత వంటకములను వరుసగా వడ్డించి తుదకుఁ జక్కిలిగిలి పెట్టెడి పాట, కాళ్లగజ్జె, చెమ్మచెక్క, దాఁగుడుమూఁతలు, కన్నులు మూసి కొట్టినవారి పేరు చెప్పించెడి యాట: వీనిలో నర్థముకొఱకు వెదకినవారికి నిరాశయే. కంకాళమ్మ యెవ్వరో, ఆమె కాళ్లగజ్జెలలోని కేల వచ్చెనో నిర్ణయించుటకుఁ జేసిన ప్రయత్నములు వినోదముగా నుండును గాని నిలువవు. ఈ పాటల సారము మాటలలోఁ గాక వాని కొలఁతలో నున్నది.

కాళ్లగజ్జె యాటనే చూడవలయును. పిల్లలు వరుసగాఁ గాళ్లు చాఁచి కూర్చుందురు. పెద్దపిల్ల పాట పాడుచు ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క కాలిని దాఁకును. పాట ముగిసినచోటి కాలు ముడుచుకొనవలయును. దెబ్బకుఁ దగిన మాటతునుక పడకున్నచో వేఱొకరి కాలు ముడుగును. వెంటనే తగవు పుట్టును. తునుకను మ్రింగితివని యొకరును, ఒకదానికే రెండుసార్లు తాఁకితివని మఱియొకరును బోరుదురు. అక్షరజ్ఞానము లేని నాలుగేఁడుల పిల్లలు నడిపెడి యీ తగవు మాటను లయతో విఱిచి లెక్కించుటనుగూర్చిన తగవు. వాక్కు తెగనిధారగాఁ బ్రవహింపదనియు, దానిని సమములైన ముక్కలుగా విఱువవచ్చుననియు వీరు తమ కాళ్లమీఁదనే నేర్చుచున్నారు. బడిలో నక్షరము దిద్దించుటకు ముందు బాలుఁ డెఱుఁగవలసినది యిదియే. పంతులు మాత్ర మెన్నఁడును నేర్పనిదియు నిదియే.

ప్రాసవిషయమున నింకను విశేషము కలదు. తెలుఁగుపద్యమునఁ బ్రాస రెండవయక్షరమునకు నియతము. పిల్లలపాటలో నియతమేమియు లేదు. పాదాంతమున మాటలు జతపడిన చాలును. కాని పిల్లలు వాడెడి మాటలలోఁ బెక్కు రెండక్షరములవి. బండ, కొండ, ఎండ, కుండ అని పిల్ల జతపఱచినపుడు అది యంత్యప్రాసమును, పద్యప్రాసమును నొక్కటియే యగుచున్నది. మొదటి యక్షరము మాఱుచుండఁగా మాఱని రెండవయక్షరము, పూర్ణబిందువు ముందుగాఁగల డకారము, చెవికి వేఱుగా విడివడి తోఁచును. నాలుగు మాటలలోఁ జెవి పట్టుకొన్న యా ధ్వనిని తరువాత నిసుకలోఁ జూచునపుడు బాలునకు నది క్రొత్తది కాదు. ఛందోగ్రంథములు ప్రాసను జెవికి సొంపైన యలంకారముగాఁ జెప్పినవి. అది పసివానికి నక్షరములను వేఱుపఱచి చూపు సాధనముగూడ నని చెప్పుట సాహసము గాదు.

ఆమ్రేడితపు మాటలును అట్టివే. పులి గిలి, పాలు గీలు అని తెలుఁగువారు నిత్యము పలుకుదురు. పిల్లలు దీనిని గంతులు వేయుచుఁ బలుకుదురు. ఇందు మొదటి యక్షరమును దీసివేసి దానిచోట 'గి' నో 'గీ' నో నిలుపవలయును. తీసిన యక్షరము హ్రస్వమైనచో హ్రస్వమును, దీర్ఘమైనచో దీర్ఘమును రావలయును. పులికి గీలి యని యే పిల్లయు ననదు. గుడికిని గుడిదీర్ఘమునకును గల భేదమును గుణింతములోఁ జూపఁబోవు పంతులునకు ముందే యా పిల్ల దానిని దప్పులేక వాడుచున్నది. ఇఁక క-భాష యని బాలికలు రహస్యముగా మాటలాడెడి భాష కలదు. ప్రతి యక్షరమునకును ముందు కకారమును జేర్చి వేగముగాఁ బలుకుదురు. ఎదుటనున్న పెద్దలకు నర్థము కాదు. బడిముఖ మెఱుఁగని బాలికలు మాటను అక్షరాక్షరముగా విప్పి మరలఁ గూర్చెడి యీ నేర్పును జదువని యెవ్వరు నెంచిరి?

ఈ యూహకు నేఁటి పరిశోధనలలోఁ గొంత బలము దొరకుచున్నది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు పండితులు బ్రాడ్లీ, బ్రయంట్ అనువారు 1983లో, శబ్దములను బోలికలనుబట్టి వర్గీకరించు నేర్పునకును జదువ నేర్చుటకును సంబంధము గలదని చూపిరి. మెక్లీన్ అను విదుషితోఁ గూడి 1987లో మూఁడేఁడుల పిల్లలు అఱువదియాఱుగురను బరీక్షించి, పిల్లలపాట లెక్కువ యెఱిఁగినవారు ప్రాసలను ముందుగా గుర్తింతురని కనుగొనిరి. ఆ పిల్లలనే యాఱవయేఁటి వఱకుఁ బరిశీలించి 1989లోఁ బ్రకటించిన వ్యాసమున, బుద్ధిబలమును, తల్లి చదువును లెక్కలోనికిఁ దీసికొన్నను, తొలిప్రాయపుఁ బాటలకును దరువాతి చదువునకును గల సంబంధము నిలిచియున్నదని తేల్చిరి. ఆంగ్లలిపికి వర్ణజ్ఞానము ముఖ్యము, మన లిపి కక్షరజ్ఞానము ముఖ్యము. కావున వారి ఫలితములను యథాతథముగా నిచటి కన్వయింపరాదు. తెలుఁగునకు సోదరియైన కన్నడలిపినిగూర్చి సొనాలీ నాగ్ 2007లోఁ బ్రకటించిన పరిశోధనమున, పిల్లలకు మాటను అక్షరములుగా విడఁదీయు శక్తి ముందుగాను, వర్ణములుగా విడఁదీయు శక్తి మిక్కిలి యాలస్యముగాను వచ్చుననియు, అక్షరములన్నిటిని నేర్చుట నాలుగవతరగతి వఱకును సాగుననియుఁ గలదు. ఆంగ్లపు బాలగేయము చేసెడి పనిని మన లిపికిఁ దగినట్లు కాళ్లగజ్జెయు, క-భాషయుఁ జేయుచున్నవని తలఁచుటకు నిది యవకాశ మిచ్చుచున్నది.

కవులు పెరటిపాటను విననివారు కారు. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మొదలగువానిని బేర్కొనెను. అవి భక్తులు పాడినవి యైనను ఆ బాణీలు జనులవి. తాళ్లపాక అన్నమాచార్యుల పేరఁ జందమామను బిలిచెడి సంకీర్తనమును, జోలపాటయు వ్యాప్తిలో నున్నవి. అయ్యలరాజు నారాయణామాత్యుఁడు పదునెనిమిదవ శతాబ్దిలో హంసవింశతియందు బాలబాలికల యాటల పేరులను బారులు దీర్చెను. సురవరము ప్రతాపరెడ్డి 1949లోఁ బ్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్రమున నీ పట్టికను జక్కగా వినియోగించుకొనెను. కావ్యమునకుఁ దగినది బడికిఁ దగకపోయెను.

ఏఁటి కొకసారి మాత్రము పాట బడినుండి వీధిలోనికి వచ్చెడిది. నవరాత్రములలోఁ బంతులు పిల్లలను వెంటఁబెట్టుకొని యింటింటికిఁ బోవును. పిల్లలు రంగుల విల్లంబులు పట్టి దసరాపద్యములు పాడుదురు. గృహస్థుఁడు పంతులునకుఁ గానుకయు, పిల్లలకుఁ బప్పుబెల్లములును ఇచ్చును. పంతులునకు నేఁటి జీతములో నిదియు నొక భాగము. ఆ పద్యములలో సంస్కృతము దట్టముగానే యుండును. కాని వానిని బాలు రుత్సాహముతోఁ బాడుటకుఁ గారణము లయయు, బెల్లమును. పాటకుఁ గల బలమును బంతు లెఱుఁగనివాఁడు కాఁడనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. తన జీవనమునకు నుపయోగించుకొన్న దానిని అక్షరమునకు నుపయోగించుకొనలేదు.

అచ్చుపుస్తకము వచ్చినపుడైన నీ లోపము తీఱవలసినది. పుదూరి సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష 1832లోఁ జెన్నపురిలో వెలువడెను. అది పెరిగి పెద్దబాలశిక్షయై, నూఱేఁడులకుఁ బైఁగాఁ దెలుఁగింటి విజ్ఞానసర్వస్వముగా వన్నెకెక్కెను. అక్షరములు, గుణింతములు, రెండక్షరముల మాటలు, మూఁడక్షరముల మాటలు, నీతివాక్యములు, సంవత్సరముల పేరులు, తిథులు, నక్షత్రములు, శతకపద్యములు అందుఁ జేరినవి. రెండక్షరముల మాటల పట్టికలో బండయుఁ గొండయు నొకచోఁ జేరినవే. కాని వానిని గలిపి గంతు వేయించెడి పాట చేరలేదు. పెరటి నుండి మాటలు వచ్చి, తాళము వెలుపల నిలిచినది. ఆ కాలముననే జర్మనీలో ఫ్రోబెల్ పండితుఁడు 1837లోఁ బసిపిల్లల బడిని స్థాపించి, తల్లులు పిల్లల నాడించుచుఁ బాడెడి పాటలను వ్రేళ్లయాటలతోఁ గూడ 1844లోఁ బుస్తకముగాఁ గూర్చెను. ఆతఁడు తల్లులయొద్దకుఁ బోయి నేర్చెను. ఇచట నెవ్వరును బోలేదు.

వంగదేశము కొంత ముందుగా మేలుకొనెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని వర్ణపరిచయము 1855లో వెలువడినది. అక్షరక్రమమున నుత్తమము, ఆటపాటల యెడ బీదది. 1894-95 ప్రాంతమున రవీంద్రనాథఠాకూరు పిల్లలను బుజ్జగించెడి పాటలను సేకరించి బంగీయ సాహిత్యపరిషత్పత్రికలోఁ బ్రకటించెను. దాదులును దల్లులును బాడెడి పాటలు పండితపరిషత్తు పత్రికలో స్థానము గాంచుట యల్పవిషయము కాదు. మూఁడేఁడులలోనే, 1897లో, యోగీంద్రనాథ సర్కారు అక్షరములను బాటలలోఁ బొదిగి 'హాసిఖుసి'యను బాలవాచకమును బ్రకటించెను. ముందు సేకరణము, ఆ వెనుక వాచకము, క్రమమిది.

తెలుఁగున నీ క్రమమునకు అడ్డు తగిలినది భాషావివాదము. 1911లోఁ జెన్నపురిలో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికపక్షమును వహించెను. గిడుగు వేంకటరామమూర్తి (1863–1940) వ్యావహారికమును సమర్థించెను. పిల్లలపాటలు వాడుకభాషలోనివి కాఁబట్టి, వాచకమున వానిని జేర్చుట యనఁగా నొక పక్షమును వహించుటయే యయ్యెను. పిల్లలపాటకు గ్రాంథికరూపము కల్పించినచో లయ చెడును. చెడకుండ నుంచినచో వ్యాకరణము చెడును. ఏ పక్షమువారైనను ఈ చిక్కునకుఁ బరిష్కారము చెప్పినట్లు లేదు. విచిత్రమేమనఁగా, ఆ రామమూర్తియే కొండలలోని సవరలకు వారి భాషలో వాచకములను, కథలను, పాటలను గూర్చియిచ్చెను. సవరబాలునకు నింటిపాట బడిపుస్తకమున దొరకినది. తెలుఁగుబాలున కింకను దొరకలేదు.

తరువాతి తరమున ఆయన కుమారుఁడు సీతాపతి (1885–1969) పిల్లలకొఱకుఁ గేవలము పాటలనే రచించి యీ లోటును గొంత తీర్చెను. చింతా దీక్షితులు, వేటూరి ప్రభాకరశాస్త్రి, నేదునూరి గంగాధరము మొదలగువారు జనుల నోటినుండి సేకరించిరి. న్యాయపతి రాఘవరావు 1945లో 'బాల' మాసపత్రికను స్థాపించి, చెన్నపురి రేడియోలోఁ బిల్లలచేతనే పాడించెను. బిరుదురాజు రామరాజు 1958లోఁ బ్రకటించిన 'తెలుఁగు జానపదగేయసాహిత్యము'తోఁ బిల్లలపాట విశ్వవిద్యాలయమున శాస్త్రవిషయమయ్యెను. 1975లో దేశమంతటను మొదలైన అంగన్‌వాడులలో ఆటపాటలు పాఠక్రమమున భాగములైనవి. గడప దాఁటుటకు, బాలశిక్షనుండి లెక్కించినచో, నూటనలువది యేఁడులకుఁ బైఁగాఁ బట్టినది.

దాఁటినపిమ్మట వేఱొక చిక్కు కానవచ్చుచున్నది. ఆంగ్లమాధ్యమపు శిశుతరగతులలోఁ దెలుఁగుపిల్లలు ఆంగ్లపు బాలగేయములను జేతులాడించుచు నప్పగించుచున్నారు. ఆ భాష యింట వినని పిల్లకు నందలి ప్రాస తెలియదు, అర్థమును దెలియదు. క్యాంబెల్ బళ్లారిలోఁ జూచిన చిలుక యీ తరగతిలోను బలుకుచున్నది. పంజరము మాత్రము మాఱినది. తెలుఁగుపాటల స్థితియు నిర్దోషము కాదు. అచ్చైన సంపుటములలోఁ జాలవఱకు మాటలే కానవచ్చును. ఒకే పాటకుఁ గోస్తాలో నొక పాఠమును, తెలంగాణమున వేఱొక పాఠమును ఉండుట సేకర్తలు గుర్తించిరి. కాని చేయి యెచటఁ బడునో గుర్తించినవా రరుదు. కాళ్లగజ్జెపాటయొక్క పాఠములు రెండింట నక్షరముల లెక్క సమానము కాకపోయినను దెబ్బల లెక్క సమానమై యుండవచ్చును. ఒకచో రెండక్షరములు నొక్క దెబ్బలోఁ గలిసిపోయియు, వేఱొకచో నొక్క యక్షరము రెండు దెబ్బలకు సాగియు నుండవచ్చును. ఏది మూలమో, ఏది వికృతియో కాగితముమీఁది గణపరీక్షచేఁ దేలదు. వ్రేలు ఏ యక్షరముమీఁద నానినదో తెలియవలయును. చాల పాటలకు ఆ గురుతు అచ్చులో లేదు. పాడెడి యవ్వల చేతులలో మాత్రమే యున్నది.